ఇంటి గ్రీన్‌హౌస్‌లో కూరగాయలు, పూలు: షీట్ కంటే ముందు కిటికీ గురించి ఆలోచించండి

గ్రీన్‌హౌస్ వేసుకుందామనుకున్న వాళ్లు ముందు అడిగేది ఏ షీట్ మంచిది, ఎంత సైజు వేయాలి అని. అవీ కావలసిన సంగతులే, వాటి దగ్గరికి వస్తాను. కానీ అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మొక్కల చుట్టూ గోడ కట్టి పైన కప్పు వేసిన రోజు నుంచి లోపల వాన పడదు, గాలి ఆడదు, తేనెటీగ రాదు. ఆరుబయట ఈ మూడూ మనం అడగకుండానే చేసిపెట్టే పనులన్నీ ఇకమీదట మన నెత్తిన పడతాయి. మొక్క ఏపుగా పెరిగి కూడా కాయ పట్టకపోవడం, పచ్చగా ఉన్న ఆకులు వారం తిరిగేసరికి బూజు పట్టడం, బాగున్న మట్టి కొన్నాళ్లకి పైన తెల్లగా ఉప్పు తేలడం, వీటిలో దేన్ని తీసుకున్నా కాస్త తరచి చూస్తే వానదో, గాలిదో, తేనెటీగదో ఒక పని ఆగిపోయి ఉంటుంది.

కట్టే ముందు

లోపల వేడి ఎందుకు నిలుస్తుందో తెలిస్తే సగం నిర్ణయాలు సులువవుతాయి. ఎండ లోపలికి వచ్చి మట్టినీ ఆకుల్నీ వేడెక్కిస్తుంది, వాటిని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది, కానీ కప్పు అడ్డం ఉంది కాబట్టి బయటికి పోలేదు. 1909లో ఆర్.డబ్ల్యు. వుడ్ అనే భౌతిక శాస్త్రవేత్త రెండు చిన్న పెట్టెలు తీసుకుని, ఒకదానికి గాజు మూత, రెండోదానికి వేడి కిరణాలను ఆపకుండా వదిలేసే రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచి చూశాడు. రెండూ ఇంచుమించు ఒకేలా వేడెక్కాయి. అంటే గాజులో ఏదో మహిమ ఉండి కాదు, గాలి కదలకుండా ఆగిపోవడం వల్లే ప్రధానంగా ఈ వేడి. గాలిని వదిలితే వేడి పోతుంది, ఆపితే నిలుస్తుంది. గ్రీన్‌హౌస్ నడపడమంటే రోజూ ఈ వదలడం, ఆపడం సరిగ్గా చేయడమే.

అందుకే డబ్బు తక్కువగా ఉంటే ఖరీదైన షీట్ మానేసైనా సరే కిటికీల మీద పెట్టండి అంటాను. పైకప్పు దగ్గర తెరుచుకునే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో 15 నుంచి 20 శాతం ఉండాలన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న చిన్న గ్రీన్‌హౌస్ అయితే నేల 48 చదరపు అడుగులు, పైన తెరుచుకునేది 7 నుంచి 10 చదరపు అడుగులు ఉండాలన్నమాట. కిట్‌గా అమ్మే చిన్న గ్రీన్‌హౌస్‌లలో చాలావాటికి పైన ఒకే ఒక చిన్న కిటికీ ఇస్తారు, అది చాలదు. పైన ఒకటి ఉండి కింద నేల దగ్గర ఏమీ తెరుచుకోకపోయినా పని జరగదు, ఎందుకంటే వేడిగాలి పైనుంచి పోవాలంటే దాని చోటులోకి చల్లగాలి కిందనుంచి రావాలి. కింద పక్క గోడల్లో తెరుచుకునేవి పెడితే ఫ్యాన్ లేకుండానే గాలి దానంతట అదే ఆడుతుంది. పగలు ఇంట్లో ఉండని వాళ్లకి మైనం సిలిండర్‌తో పనిచేసే ఆటోమేటిక్ ఓపెనర్లు దొరుకుతాయి: వేడెక్కితే మైనం వ్యాకోచించి కిటికీని పైకి నెడుతుంది, చల్లబడితే మూస్తుంది, కరెంటు అక్కర్లేదు. ఇంత చిన్న వస్తువు ఇంత పని చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ మబ్బు విడిచి ఎండ కాసిన అరగంటలోనే మూసి ఉన్న చిన్న గ్రీన్‌హౌస్ 40 డిగ్రీలు దాటగలదు, అప్పుడు మనం ఆఫీసులో ఉంటే ఏం చేయగలం?

పురుగులు రాకుండా కిటికీలకి సన్న మెష్ బిగిస్తారు, మంచిదే. కాకపోతే తెల్లదోమ దూరలేనంత సన్నగా ఉన్న 40 మెష్, 50 మెష్ (అంగుళానికి 40, 50 కన్నాలుండే) వల గాలిని కూడా బాగా అడ్డుకుంటుంది, కాబట్టి వల వేసేచోట కిటికీ పైన చెప్పిన లెక్క కంటే పెద్దదిగా పెట్టుకోవాలి.

మీరుండే చోట ఏడాదిలో ఎక్కువ కాలం ఎండలు మండిపోతుంటే అన్నివైపులా మూసిన గ్రీన్‌హౌస్ అసలు వద్దు. పైన వాన ఆపే షీట్, నాలుగు వైపులా మెష్, ఎండ ముదిరినప్పుడు పైన షేడ్‌నెట్, ఇది చాలు. ఫొటోల్లో గాజు ఇల్లు ఎంత ముచ్చటగా కనిపించినా అది చలి ఎక్కువగా ఉండే చోట్ల కోసం పుట్టిన డిజైన్. షేడ్‌నెట్ ఎక్కడ వేయాలన్నది కూడా ముఖ్యం. కప్పు లోపలివైపు కడితే ఎండ అప్పటికే లోపలికి వచ్చేసింది, వల వేడెక్కి ఆ వేడిని లోపలే వదులుతుంది. కప్పు పైన, వీలైతే కాస్త ఎడంగా కడితే వేడి బయటే ఆగిపోతుంది. కాయగూరలకి 35 నుంచి 50 శాతం నీడ సరిపోతుంది, అంతకు మించితే మొక్క వెలుతురు కోసం సాగిపోయి పూత తగ్గుతుంది.

స్థలం విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ, దగ్గర్లో కుళాయి, ఎదురుగాలికి కొంత అడ్డు. పెరట్లో చివరెక్కడో కాకుండా ఇంటికి దగ్గరగా వేయండి, రోజుకి రెండు మూడుసార్లు వెళ్లి తెరవాలి, మూయాలి కదా, దూరమైతే బద్ధకించి మానేస్తాం.

షీట్ల సంగతి. యూవీ తట్టుకునేలా తయారైన 200 మైక్రాన్ల పాలిథిన్ చవక, మూడు నాలుగేళ్లు వస్తుంది. మామూలు ప్లాస్టిక్ పట్టా మాత్రం వేయకండి, కొన్ని నెలల్లోనే పెళుసుబారి ముక్కలవుతుంది. రెండు పొరల పాలీకార్బొనేట్ ఖరీదెక్కువ కానీ చలికాలంలో వేడిని బాగా నిలుపుతుంది, వెలుతురుని కూడా చెదరగొట్టి కింది ఆకులకీ అందిస్తుంది. దీన్ని బిగించేటప్పుడు మూడు చూసుకోవాలి: యూవీ పూత ఉన్న వైపు బయటికి ఉండాలి (పైన అంటించి ఉన్న పలచటి కవర్ మీద ఆ సంగతి రాసి ఉంటుంది, చూడకుండా పీకేస్తే ఏది ఏ వైపో తెలీదు), రెండు పొరల మధ్య ఉండే సన్న గొట్టాలు నిలువుగా లేదా వాలు వెంట ఉండాలి, పై అంచుని గాలి చొరబడని టేపుతోను, కింది అంచుని చెమ్మ బయటికి పోయే టేపుతోను మూయాలి. అలా మూయకపోతే గొట్టాల్లో నాచు పెరుగుతుంది, దాన్ని కడగడం ఎవరివల్లా కాదు.

వీటన్నిటికంటే ముందు కొనాల్సింది ఒక థర్మామీటర్, రోజులో ఎక్కువ ఎంత, తక్కువ ఎంత అని గుర్తుపెట్టుకునే రకం. మొక్క తల ఎత్తులో, నేరుగా ఎండ పడకుండా వేలాడదీయండి. "లోపల వేడిగానే ఉంది" అనుకోవడం వేరు, రాత్రి 11 డిగ్రీలకి పడిపోయి మధ్యాహ్నం 43 డిగ్రీలకి ఎక్కిందని కళ్లారా చూడడం వేరు.

చలి రాత్రుల్లో వేడి నిలవడానికి తేలికైన ఉపాయం నీళ్ల డ్రమ్ములు. ముదురు రంగు వేసిన 200 లీటర్ల డ్రమ్ము పగలు ఎండకి వేడెక్కి రాత్రి పది డిగ్రీలు చల్లబడిందంటే సుమారు 2.3 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడిని లోపల వదిలినట్టు. బొగ్గుల కుంపటి మాత్రం లోపల పెట్టకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మనిషి ప్రాణానికే ప్రమాదం, ఆ పొగలో ఉండే ఎథిలీన్‌కి టమాటా పూత, ఆర్కిడ్ పూలు రాలిపోతాయి.

వాన చేసే పని

కుండీల్లో ఉత్త తోటమట్టి నింపితే కొద్దిరోజుల్లోనే బిగుసుకుపోయి నీళ్లు పైనే నిలుస్తాయి. మట్టి, బాగా మాగిన ఎరువు లేదా వర్మికంపోస్ట్, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమపాళ్లలో కలుపుకుంటే చాలా మొక్కలకి సరిపోతుంది. కోకోపీట్‌ని మొదట నానబెట్టి ఒకట్రెండుసార్లు నీళ్లు మార్చి పిండాలి, అందులో ఉప్పు ఉంటుంది. టమాటాకి 15 నుంచి 20 లీటర్ల కుండీ, మిర్చికి, క్యాప్సికమ్‌కి 10 లీటర్లది, ఆకుకూరలకి ఆరంగుళాల లోతు ఉన్న ఏ ట్రే అయినా చాలు. టమాటాని చిన్న కుండీలో పెట్టి రోజుకి మూడుసార్లు నీళ్లు మోసేకంటే పెద్ద కుండీ పెట్టి నిశ్చింతగా ఉండడం మేలు.

నీళ్లు పొద్దున్నే పోయండి, మొక్క మొదలు దగ్గర పోయండి, ఆకుల మీద కాదు. సాయంత్రం పోస్తే ఆ తడి రాత్రంతా గాలిలో చెమ్మగా మారి, తెల్లవారుజామున కప్పు మీద నీటి బొట్లై ఆకుల మీద రాలుతుంది, బూజుకి కావలసింది సరిగ్గా అదే. ఎన్ని నీళ్లు అన్నదానికి కొలత లేదు, కాసే టమాటా మొక్క ఎండ బాగా ఉన్న రోజున లీటరున్నర, రెండు లీటర్లు తాగుతుంది, మబ్బు పట్టిన రోజున అందులో సగం కూడా తాగదు. వేలు రెండంగుళాలు లోపలికి గుచ్చి చూడండి, చిన్న కుండీలైతే ఒక చేత్తో ఎత్తి చూడండి, కొన్నాళ్లకి బరువుని బట్టే తెలిసిపోతుంది. డ్రిప్ పెట్టుకుంటే హాయి, కానీ టైమర్ పెట్టేశాం కదా అని అటువైపు చూడడం మానకండి, ఒక్క గొట్టం పూడుకుపోతే ఆ మొక్క సాయంత్రానికి వడిలిపోతుంది.

టమాటా కాయ అడుగున నల్లగా, తోలులాగా మచ్చ వస్తే వెంటనే తెగులు మందు కొనకండి. అది తెగులు కాదు, కాయ చివరికి కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా సరే, ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచేస్తుంటే నీళ్లతోపాటు పైకెక్కాల్సిన కాల్షియం ఎక్కదు. మొక్క వేగంగా ఎదిగేటప్పుడు పచ్చగా ఉండాలని నత్రజని ఎక్కువ పోసినా ఇదే వస్తుంది. నీళ్లు ఒక పద్ధతిలో ఇస్తే తర్వాత వచ్చే కాయలు మామూలుగా వస్తాయి.

ఇప్పుడు ఎక్కువమంది పట్టించుకోని విషయం, ఉప్పు. ఆరుబయట ఏడాదికోసారైనా పెద్ద వాన పడి మట్టిలో పేరుకున్న లవణాలను కిందికి కడిగేస్తుంది. కప్పు కింద ఆ వాన లేదు. మనం వేసే ప్రతి ఎరువులో, పోసే బోరు నీళ్లలో కొంత ఉప్పు ఉంటుంది, అది అక్కడే ఉండిపోతుంది. కుండీ అంచుల్లో తెల్లటి పొర, ఆకుల అంచులు మాడడం, తడి ఉన్నా మొక్క వడిలిపోవడం కనిపిస్తే ఎరువు తక్కువైందేమో అని ఇంకొంచెం వేయకండి, సరిగ్గా అప్పుడే ఆపాలి. కుండీ పట్టే పరిమాణానికి రెండింతల మంచినీళ్లు నిదానంగా పోసి అడుగునుంచి పూర్తిగా కారిపోనివ్వండి. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే ఈ పనికి అంతకంటే మంచివి లేవు, గ్రీన్‌హౌస్ కప్పు మీద పడే వాననే గొట్టం పెట్టి డ్రమ్ముకి మళ్లిస్తే సరి.

ఎరువుల గురించి క్లుప్తంగా: పూత వచ్చేదాకా నత్రజని, పూత మొదలయ్యాక పొటాష్ వైపు మొగ్గండి. కింది ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగితే మెగ్నీషియం తక్కువ, అదే లక్షణం పైన లేత ఆకుల్లో కనిపిస్తే ఇనుము అందడం లేదు. ఈ ఒక్క తేడా తెలిస్తే అనవసరంగా నాలుగు రకాల డబ్బాలు కొనక్కర్లేదు.

గాలి చేసే పని

నారు పోసిన దగ్గర్నుంచే ఇది మొదలవుతుంది. గాలి ఆడని చోట పెరిగిన నారు పొడుగ్గా, సన్నగా, తెల్లటి కాడలతో సాగుతుంది, బయటికి తెచ్చి నాటితే పడిపోతుంది. రోజుకి ఒకట్రెండుసార్లు నారు తలల మీద అరచేత్తో సుతారంగా అటూ ఇటూ నిమరండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ ఆ కదలికకి మొక్క స్పందించి కాడ పొట్టిగా, గట్టిగా తయారవుతుంది, టమాటా నారులో ఇది బాగా కనిపిస్తుంది. వెలుతురు తక్కువై సాగిపోతుంటే మాత్రం నిమిరి లాభం లేదు, ట్రేలు వెలుతురులోకి మార్చాలి.

మొలక రావడానికి టమాటాకి 21 నుంచి 27 డిగ్రీలు, క్యాప్సికమ్‌కి ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ ఉంటే బాగుంటుంది. లెట్యూస్ సంగతి తిరకాసు, 30 డిగ్రీలు దాటితే గింజ మొలకెత్తకుండా నిద్రపోతుంది, గింజలు పాడైపోయాయని పారేయకండి, చల్లటి గదిలో పెట్టి చూడండి. మొలిచిన నారు నేలను తాకే చోట నీళ్లోడినట్టు మెత్తబడి ఒరిగిపోతే అది నారుకుళ్లు. ఒకసారి మొదలైతే ట్రే అంతా పోతుంది. పాత మట్టి, ఎక్కువ తడి, ఒత్తుగా చల్లిన గింజలు, కదలని గాలి, ఈ నాలుగూ కలిస్తే అది రాకుండా ఉండదు. కొత్త మిశ్రమం వాడండి, గింజ గింజకీ ఎడం ఉంచండి, పైన కాస్త ఆరాకే మళ్లీ తడపండి.

పెద్ద మొక్కల్లో గాలి లేకపోతే వచ్చేది బూడిద రంగు బూజు. వాడిన పువ్వు ఆకు మీద పడి అతుక్కున్న చోట, మనం పక్క కొమ్మ విరిచిన గాయం దగ్గర ముందు మొదలై, తాకితే పొగలాగా పొడి లేస్తుంది. లోపలి తేమ 85 శాతం పైన గంటల తరబడి నిలిచే రాత్రుల్లో విజృంభిస్తుంది. మందు కొట్టడం కంటే అలవాట్లు మార్చుకోవడం మేలు: రాలిన పూలు, పండిన ఆకులు ఏరిపారేయండి, టమాటాకి కాయ పండుతున్న గెల కిందున్న ఆకులు తీసేయండి, మొక్కకీ మొక్కకీ మధ్య చేయి దూరేంత ఖాళీ ఉంచండి, తడి రోజుల్లో చిన్న ఫ్యాన్ ఒకటి రాత్రంతా తిరగనివ్వండి. ఫ్యాన్ గాలి మొక్కలకి నేరుగా కాకుండా వాటి తలల పైనుంచి పోవాలి, ఆకులు చిన్నగా అల్లాడితే చాలు.

చలికాలంలో వేడి పోతుందని పగలంతా మూసే ఉంచేవాళ్లకి ఒక మాట. మొక్కలు వెలుతురులో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి, మూసిన గదిలో అది కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది, తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది. ఎండ ఉన్న చలిరోజున కూడా మధ్యాహ్నం కాసేపు పై కిటికీ తెరవండి. పొద్దు వాలకముందే మూసేస్తే మిగిలిన వేడి రాత్రికి పనికొస్తుంది.

తేనెటీగ చేసే పని

టమాటా పువ్వులోనే ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, అయినా పుప్పొడి రాలాలంటే పువ్వు అదరాలి. బయటైతే గాలి, తుమ్మెదలు అదిరిస్తాయి. లోపల మనమే. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు లోపు, గెల కాడని వేలితో టపటప తట్టండి, లేదా బ్యాటరీ టూత్‌బ్రష్ వెనక వైపుని కాడకి ఆనించి రెండు సెకన్లు ఉంచండి. కింద నల్లటి కాగితం పట్టుకుంటే పసుపు పొడి రాలడం కనిపిస్తుంది. కనిపించకపోతే గాలిలో తేమ ఎక్కువై పుప్పొడి ముద్దకట్టి ఉంటుంది, కిటికీలు తెరిచి గంటాగి మళ్లీ తట్టండి. ఒకటి రెండు రోజులకోసారి చేస్తే సరిపోతుంది.

అన్నీ చేసినా పూత రాలుతుంటే థర్మామీటర్ చూడండి. పగలు 32 పైన, రాత్రి 22, 23 పైన అలాగే కొనసాగితే టమాటా పుప్పొడి సరిగ్గా తయారవదు, రాత్రి 13 కంటే కిందికి పడిపోయినా అంతే. అప్పుడు టూత్‌బ్రష్ కాదు, నీడ, గాలి కావాలి. కాయలు పెద్దవై కూడా ఎర్రబడకుండా నారింజ పసుపు రంగులో ఆగిపోయినా వేడే కారణం, 30 డిగ్రీలు దాటితే ఎర్రరంగునిచ్చే లైకోపీన్ ఏర్పడడం మందగిస్తుంది. కోసి నీడపట్టున పెడితే రంగు తిరుగుతాయి.

గ్రీన్‌హౌస్‌కి పొడుగ్గా, తీగలా సాగే రకం టమాటా తీసుకుని పైనుంచి తాడు దించి ఒకే కాండంగా పెంచండి. ఆకుకీ కాండానికీ మధ్య నుంచి వచ్చే పక్క కొమ్మలను చిటికెన వేలంత ఉన్నప్పుడే గిల్లేయాలి, వారం వదిలేస్తే ఏది అసలు కాండమో ఏది పిలకో తేల్చుకోలేం.

కీర దోసలో రెండు రకాలున్నాయి. పుప్పొడి అక్కర్లేకుండా, గింజ లేకుండా కాసేవి గ్రీన్‌హౌస్ కోసమే తయారైనవి, విత్తనం కొనేటప్పుడు అవే అడగండి. వీటికి పొరపాటున పుప్పొడి సోకితే కాయ ఒకవైపు ఉబ్బి గింజ కడుతుంది. మామూలు రకమే దొరికితే మాత్రం, పొద్దున్నే విచ్చిన మగ పువ్వుని కోసి, రేకులు వలిచి, వెనక బుజ్జి పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో తాకించాలి. ఖర్బూజా, కాకర లాంటివాటికీ ఇదే పద్ధతి. ఇంకో చిక్కేంటంటే కీర దోసకి తేమ ఇష్టం, టమాటాకి పొడిగాలి ఇష్టం. రెండూ ఒకేచోట పెంచక తప్పదు కాబట్టి టమాటాని తలుపు, కిటికీల దగ్గర, దోసని లోపలి మూల పెట్టండి.

క్యాప్సికమ్‌కి ఓపిక కావాలి. కాండం చీలిన చోట వచ్చే మొదటి పువ్వుని మనసు చంపుకుని తుంచేస్తే మొక్క బలపడి తర్వాత ఎక్కువ కాస్తుంది. ఆకుకూరలు చల్లటి నెలల్లో పెంచుకోండి, వేడికి పాలకూర, కొత్తిమీర కంకి వేసి పూతకొచ్చేస్తాయి. మొక్కజొన్న, గుమ్మడి, ఆలుగడ్డ లాంటివి లోపల పెంచడం నా దృష్టిలో దండగ, ఆరుబయట హాయిగా పెరిగేవాటికి ఖరీదైన చోటు ఎందుకు?

పూలు

పూలకి గ్రీన్‌హౌస్ వల్ల అసలు లాభం వాన దెబ్బ తగలకపోవడం. పెటూనియా, జెర్బెరా, గులాబీ రేకుల మీద మచ్చ పడదు. జెర్బెరా నాటేటప్పుడు ఆకులన్నీ పుట్టే మధ్య మొగ్గ మట్టి పైకి కనిపించేలా నాటండి, అది మట్టిలో కూరుకుంటే కుళ్లిపోతుంది, నీళ్లు కూడా అందులో పడనివ్వకండి. గులాబీకి లోపల బూడిద తెగులు ఎక్కువ, లేత ఆకుల మీద సున్నం చల్లినట్టు కనిపిస్తుంది, పగలు పొడి, రాత్రి చెమ్మ ఉంటే చెలరేగుతుంది. ఆంథూరియం, ఆర్కిడ్‌లకి 70, 75 శాతం నీడ కావాలి, కాబట్టి టమాటాతో పొసగవు, బల్లల కింద పెట్టుకోవచ్చు.

చామంతి దగ్గర కాస్త ఆగాలి. మొక్క గుబురుగా, పచ్చగా ఉండి ఒక్క మొగ్గ కూడా వేయడం లేదంటే ఎరువు వేయడం మాని రాత్రిపూట ఒకసారి వెళ్లి చూడండి. దగ్గర్లో వీధి దీపమో, వరండా బల్బో దాని మీద పడుతుంటే అదే కారణం. చామంతి పొడవైన రాత్రుల్ని లెక్కపెట్టుకుని మొగ్గ వేస్తుంది. మొక్కలు ఇలా పగలు, రాత్రి నిడివిని బట్టి పూస్తాయని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కల మీద ప్రయోగాలతో తేల్చారు. చీకటి మధ్యలో కాసేపు వెలుతురు పడినా ఆ లెక్క చెడిపోతుంది. దీన్ని మనకి అనుకూలంగా కూడా వాడుకోవచ్చు. పగళ్లు పొడవుగా ఉన్న నెలల్లో పూలు కావాలంటే సాయంత్రం నల్లటి గుడ్డ కప్పి పొద్దున తీస్తూ రోజుకి 13 గంటల చీకటి ఇవ్వండి, మొగ్గలు రంగు తేలేదాకా ఒక్కరోజు కూడా తప్పకుండా. రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పది వారాల్లో పూస్తుంది. గుడ్డ కింద ఉక్కపోస్తే మొగ్గ ఆలస్యమవుతుంది కనుక ఎండ తగ్గాకే కప్పండి. నాటిన రెండు మూడు వారాలకి తలలు తుంచడం మర్చిపోకండి, ఒక్కో తల తుంచితే మూడు నాలుగు కొమ్మలొస్తాయి.

టమాటా వరసల మధ్య బంతి నాటడం ఊరికే అందానికి కాదు. పొట్టి బంతి వెదజల్లే లిమొనీన్ వాసనకి తెల్లదోమ దూరంగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది, దాని వేళ్లు మట్టిలోని నులిపురుగులను కూడా తగ్గిస్తాయి. అయితే తెల్లదోమ రాకముందే నాటాలి, మీద పడ్డాక బంతి చేయగలిగింది తక్కువ.

పురుగులు

బయట పేనుబంకని అక్షింతల పురుగులు తింటాయి, ఎర్రనల్లిని వాన కడిగేస్తుంది. లోపల రెండూ లేవు, పైగా వెచ్చగా ఉంటుంది, ఒక్క తెల్లదోమ దూరిందంటే నెల తిరిగేసరికి ఆకు కదిపితే చాలు తెల్లటి మేఘం లేస్తుంది. అందుకని కొత్త మొక్క ఏది తెచ్చినా రెండు వారాలు విడిగా ఉంచి ఆ తర్వాతే లోపలికి తీసుకెళ్లండి. పసుపు జిగురు అట్టలు మొక్కల తలల ఎత్తులో వేలాడదీయండి, తామర పురుగుల కోసం నీలం రంగువి. వాటితో పురుగు పోతుందని కాదు, వచ్చిందని ముందుగా తెలుస్తుంది. వారానికోసారి ఆకులు తిప్పి అడుగున చూడండి. ఆకు మీద సన్నటి పాలిపోయిన చుక్కలు కనిపిస్తే దాని కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి, రాలిన నలుసులు కాసేపటికి నడవడం మొదలుపెడితే అవి ఎర్రనల్లులే. పొడివేడిలో పెరుగుతాయి కాబట్టి ఆకుల అడుగుని పొద్దున్నే నీళ్లతో కడిగితే చాలావరకు అదుపవుతాయి.

వేపనూనె లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి రెండు చుక్కల సబ్బు ద్రావణం, సాయంత్రం ఎండ పోయాక ఆకుల అడుగున తగిలేలా కొట్టండి, మర్నాడు కిటికీలు తొందరగా తెరవండి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. కొట్టే ముందు ఒకసారి భూతద్దంతో చూడడం మంచిది, ఆకు అడుగున తెల్లదోమ పిల్లల పొలుసుల మధ్య కొన్ని నల్లగా ఉంటే ఎన్‌కార్సియా అనే కంటికి సరిగ్గా ఆనని పరాన్నజీవి కందిరీగ వాటిలో గుడ్లు పెట్టి ఉండొచ్చు. 1920లలో ఇంగ్లండ్‌లోని టమాటా గ్రీన్‌హౌస్‌లలో ఇలా నల్లబడిన పొలుసులు చూసే దాన్ని పెంచి వాడడం మొదలుపెట్టారు. అవి ఉన్న ఆకులు తుంచకండి, మందు కొట్టకండి.

పంట అయిపోయాక

కాపు తగ్గిన మొక్కల్ని ఇంకో నాలుగు కాయలొస్తాయని అలాగే ఉంచుకోవడం అందరికీ ఉన్న అలవాటే, కానీ గ్రీన్‌హౌస్‌లో అది చెరుపు చేస్తుంది. ఏడాదికోసారి మొత్తం ఖాళీ చేయండి. వేళ్లతో సహా పీకి, సంచిలో కట్టి బయట దూరంగా పారేయండి. కప్పు లోపలా బయటా సబ్బునీళ్లతో కడగండి, దుమ్ము, నాచు పట్టిన షీట్ వెలుతురుని ఎంత తగ్గిస్తుందో కడిగాక తేడా చూస్తే తెలుస్తుంది. కుండీలు, తాళ్లు, ట్రేలు కూడా కడగాలి, తాళ్లు పాతవైతే మార్చేయండి.

నేల మీద మడుల్లో పెంచేవాళ్లు ఎండలు బాగా ఉన్న నెల చూసుకుని, మట్టిని తవ్వి, సమంగా చేసి, బాగా తడిపి, పారదర్శకంగా ఉండే పలచటి పాలిథిన్ నేలకి ఆనేలా పరిచి, అంచులు మట్టితో కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీట్ వద్దు, అది పైనే వేడెక్కుతుంది, కిందికి దిగదు. ఆ వేడికి పైపొరల్లో ఉన్న శిలీంద్రాలు, నులిపురుగులు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. షీట్ తీశాక మట్టిని మళ్లీ లోతుగా తిరగేయకండి, కిందున్నవి పైకొస్తాయి. ఈలోగా మూలన బాగుంది కదా అని ఒక్క మిర్చి మొక్క కూడా మిగల్చకండి, తెల్లదోమ దాని మీదే తలదాచుకుని కొత్త నారు పెట్టేదాకా కాచుకుని ఉంటుంది.